ఊటబండకు దారి

చల్లగెడ్డ జలాశయం చుట్టూ అన్నీ కొండలే. పైన రోడ్డు మీద నిలబడి చూసేవాళ్ళకు అది పళ్ళెంలో పోసిన నీళ్ళలా కనిపిస్తుంది. లోతు సంగతి దిగినవాళ్ళకే తెలుసు. ఒడ్డు నుంచి ఒక్క అడుగు వేస్తే మోకాలు, రెండో అడుగుకు మెడ, మూడో అడుగు పెట్టడానికి నేలే ఉండదు. ఆనకట్ట కట్టినప్పుడు మునిగిపోయిన అడవి ఇంకా అడుగున నిలబడే ఉంది. ఆకులూ కొమ్మలూ పోయి మద్దిచెట్లన్నీ మోడులయ్యాయి. ఆ మోడుల సందుల్లో వాలుగలు కాపురాలు పెట్టుకున్నాయి. వల వేస్తే మోడులకు తగులుకుని చిరుగుతుందని జాలర్లు అటు రారు.

చేపలకు అక్కడ సుఖమే గానీ వేసవి మాత్రం గండం. తూముల గుండా నీళ్ళు కిందికి వదిలేకొద్దీ జలాశయం దిగిపోతుంది. ఒడ్డు చుట్టూ ఎర్రమట్టి చీర అంచులా బయటపడుతుంది. పైన రెండు బారల లోతు నీళ్ళు ఎండకు కాగి వేడెక్కుతాయి. పోనీ అడుక్కి పోదామా అంటే అక్కడ చీకటి, చల్లదనం, కుళ్ళిన ఆకుల బురద తప్ప చేపకు ఊపిరి ఉండదు. పైన ఉడుకు, కింద ఉక్కిరిబిక్కిరి. అప్పుడు బొచ్చెలూ శీలావతులూ అన్నీ ఒక్కచోటికే చేరతాయి. ఆ చోటు ఊటబండ. నీళ్ళలో ఎనిమిది బారల కింద, పెద్ద రాతిపలక అడుగునుంచి, కొండ కడుపులో పుట్టిన ఊట ఏడాది పొడుగునా ఉబుకుతూ ఉంటుంది. ఆ చల్లటి కొత్తనీటికి చేపలు మూతులు ఆనించి వరసలు కట్టి నిలబడతాయి.

జలాశయానికి, కొండల సందుల్లోకి నీళ్ళు చొచ్చుకుపోయిన కోనలు ముప్పైకి పైగా ఉన్నాయి. అందులో ఊటబండ ఏ కోనలో ఉందో తెలిసిన ప్రాణి ఒక్కతే. నీటికుక్కల గుంపుకి పెద్ద, నూకాలు.

నూకాలుకు పద్నాలుగు వేసవులు నిండాయి. మీసాలు తెల్లబడ్డాయి. పోయిన చలికాలం నడుము పట్టేసింది. అవన్నీ ఆమె లెక్కచెయ్యలేదు. భయపెట్టింది మరుపు ఒక్కటే. కోడలు తవిటమ్మను పట్టుకుని, ఎప్పుడో పోయిన చెల్లెలి పేరుతో పిలిచేది. ఒకరోజైతే తన చేప ఏదని గట్టంతా వెతికింది. బండ చాటున చూసింది, వేళ్ళ సందున చూసింది, ఎవరు తిన్నారో అడుగుదామని నోరు తెరిచింది. అప్పటిదాకా నోట్లోనే ఉన్న చేప జారి నీళ్ళలో పడి, బతుకుజీవుడా అని వెళ్ళిపోయింది.

పిల్లలు నవ్వారు. నూకాలు కూడా నవ్వింది. తరవాత కలుగులోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

ఆ గుంపులో ఒక ఆచారం ఉంది. ఊటబండకు దారి చూపినవాళ్ళదే తొలిచేప తలకాయ. తలకాయ రుచి సంగతి అలా ఉంచండి, అందరూ చూస్తుండగా ముందుగా కొరకడంలో ఉన్న రుచి వేరు. నూకాలు తొమ్మిది వేసవులుగా దాన్ని కొరుకుతోంది. గుంపంతా నీళ్ళలో తలలు ముంచి ఆమె వెనకే పోయేది గానీ దారి గుర్తుపట్టేది కాదు. దారి కోడలికి నేర్పాల్సిన ఏడు దాటిపోయి మూడేళ్ళయింది. "నేర్పుతానే, నేనేమైనా పోతున్నానా?" అని వాయిదా వేస్తూ వచ్చింది. నేర్పేస్తే తలకాయ కోడలి నోటికి, తోక తన నోటికి వస్తుందని ఆమె లోపలి బెంగ. ఆ మాట పైకి అనడానికి సిగ్గు.

దారి ఆమెకు తల్లి నేర్పింది, పాటలాగా.

నెత్తికి గూనికొండ, కాళ్ళకు కవలకొండ,
ఒంటిమోడు కాడ కుడిచెయ్యి,
గుర్రపుబండ కాడ ఎడంచెయ్యి,
మూడో కోనలో మునక.

ఈ ఏడు ఒడ్డు మీద ఎర్ర అంచు ముందుగానే బయటపడింది. ఇంకో వారంలో గుంపును తీసుకెళ్ళాలి. ఎందుకైనా మంచిదని నూకాలు ఒక్కతే ఒకసారి వెళ్ళి చూసుకొద్దామనుకుంది. గూనికొండ వైపు ఈదింది. ఒంటిమోడు తగిలింది. కుడికి తిరిగింది. కొంతదూరం పోయాక ఒక బండ కనిపించింది. గుర్రంలా లేదు. గాడిదలా ఉంది. 'వయసు మీద పడితే గుర్రమైనా గాడిదలాగే కనిపిస్తుంది కాబోలు' అని సరిపెట్టుకుంది. ఎడమకు తిరిగి, మూడో కోనలో మునక వేసింది.

మూతి నిండా బురద.

వానల్లో గెడ్డవాగు కొట్టుకొచ్చిన ఒండ్రు అంతా పేరుకున్న కోన అది. చేప కాదు కదా, కప్ప కూడా లేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ బురదే. మూడోనాడు కూడా అంతే.

గట్టు మీద కూర్చుని మూతి కడుక్కుంటూ నూకాలు పాటను పైకే వల్లెవేసుకుంది. ఎక్కడ తప్పు పోతోందో పట్టుకుందామని. కుడి, ఎడమ అన్నచోట చేతులు కూడా చాపి చూసుకుంది.

"పాట బాగుంది మామ్మా," అన్నారెవరో.

చూస్తే నక్క. పేరు సన్యాసిరావు. పేరుకు తగ్గట్టు కళ్ళు సగం మూసుకుని, లోకంతో పనిలేనట్టు కూర్చుని ఉన్నాడు.

"నువ్వెప్పుడొచ్చావు?" నూకాలు ఉలిక్కిపడింది.

"ఎడంచెయ్యి కాడ వచ్చాను. మొదలు వినలేదులే. ఏటి మామ్మా, ఒంట్లో బాగులేదా? ముఖమంతా బురద పూసుకున్నావు?"

"ఎండకి చలవ చేస్తుందని."

"మా అమ్మ కూడా ఇలాగే అనేది, పాపం," అన్నాడు సన్యాసిరావు. "చివరి రోజుల్లో అన్నీ మరిచిపోయేది. ఇంట్లోవాళ్ళకు తెలిస్తే చులకనైపోతానని నాకు మాత్రమే చెప్పేది. నేను గుర్తుపెట్టుకునేవాణ్ణి. రోజూ పొద్దున్నే ఆమెకు అప్పజెప్పేవాణ్ణి. చనిపోయేదాకా ఆమెకు మతి తప్పిందని ఒక్క నక్కకైనా తెలిస్తే ఒట్టు."

నూకాలు మీసాల మీది బురద తుడుచుకుంది. నక్కను నమ్మకూడదని ఆమెకు బాగా తెలుసు. ఆ విషయం ఒక్కటీ ఎప్పుడూ మరిచిపోలేదు. కానీ గత ఆరునెలల్లో ఆమెను "పాపం" అన్నవాడు ఇతనొక్కడే.

"ఎవరికీ చెప్పవుగా?"

"నేనేం చేసుకుంటాను మామ్మా? నాకు ఈత కూడా రాదు."

ఆ మాట నిజమే అనిపించింది. పాట మొదటినుంచి చివరిదాకా చెప్పింది. సన్యాసిరావు కళ్ళు పూర్తిగా మూసుకుని విన్నాడు. వెంటనే ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

"అబ్బ! ఏం ధారణ నాయనా నీది!" అంది నూకాలు.

"ఒక్క అనుమానం. ఒంటిమోడు, గుర్రపుబండ తెలిశాయి. మధ్యలో 'కాళ్ళకు కవలకొండ' ఏటి?"

"అది ఉత్తినే. పాట కుదరాలి కదా. నెత్తి అన్నాక కాళ్ళు అనకపోతే బాగుండదు."

"అదీ నిజమే," అన్నాడు సన్యాసిరావు.

అప్పటినుంచి మూడు రోజులు వరసగా పొద్దున్నే వచ్చాడు. పాట అడిగేవాడు, నూకాలు తప్పితే దిద్దేవాడు. "కుడి మామ్మా, కుడి!" అని మందలించేవాడు కూడా. నూకాలుకు ప్రాణం లేచొచ్చినట్టయింది. నలుగురు పిల్లల్ని కన్నాను గానీ, ఒక్కడూ ఇంత శ్రద్ధగా నా మాట వినలేదు అనుకుంది.

నాలుగోరోజు అతను రాలేదు. ఎండ ఎక్కేదాకా ఎదురుచూసింది. పాపం జ్వరం గానీ తగిలిందేమో అని దిగులుపడింది. ఆ దిగులు తలుచుకుంటే తరవాత చాలా రోజులు ఆమెకు చెవులు వేడెక్కేవి.

అప్పుడే తవిటమ్మ ఒగర్చుకుంటూ గట్టెక్కింది.

"అత్తా! ఎప్పుడూ చూడని వింత చూశాను. నీటికాకులు మొత్తం లేచాయి, యాభైకి తక్కువుండవు. మోడు మీంచి మోడు మీదికి ఎగురుతున్నాయి. ఒడ్డున ముందు నడుస్తూ దారి చూపిస్తున్నది ఎవరనుకున్నావు? సన్యాసిరావు! పైగా ఏదో పాట పాడుకుంటున్నాడు."

ఆ పాట ఏదో నూకాలుకు తెలుసు.

నక్కకు ఈత రాదు. నీటికాకికి వస్తుంది. నల్లగా, పొడుగు మెడతో, బాణంలా మునిగే పిట్ట అది. దారి ఇతనిది, వేట వాళ్ళది, తెచ్చిన చేపల్లో ఇతనికో వాటా. యాభై నీటికాకులు ఊటబండ మీద పడితే ఒక్క పూటలో చేపల వరసలు చెదిరిపోతాయి. ఎనిమిది రోజులయ్యేసరికి, గుడ్లు పెట్టే తల్లిచేప కూడా మిగలదు. తవిటమ్మకు ఈ ఏడు అయిదుగురు పిల్లలు, ఇప్పుడిప్పుడే పాలు మానుతున్నారు. వేసవంతా వాళ్ళు బతకాల్సింది ఆ బండ మీదే. అది పోతే కొండ దిగి, కుక్కలు కాపలా ఉన్న చేపల చెరువుల మీద పడి బతకాలి. అలా వెళ్ళినవాళ్ళు ఎవరూ తిరిగి రాలేదు.

చెప్పకుండా ఊరుకుందామా అని ఒక్క క్షణం అనుకుంది. సన్యాసిరావు మీద అంతా తోసేద్దామా అని రెండో క్షణం అనుకుంది. మూడో క్షణానికి పిల్లల కీచుగొంతులు వినిపించాయి.

"దారి నేనే చెప్పాను," అంది.

"ఎవరికి?"

"నక్కకి. మరిచిపోతానేమోనని. గుర్తుపెట్టుకుంటానన్నాడు."

తవిటమ్మ పిల్లలున్న కలుగు వైపు చూసింది. తిడితే బాగుండుననిపించింది నూకాలుకు.

"నక్కకి చెప్పావు," అంది తవిటమ్మ. "ఇంట్లో నేనున్నాను. నాకు చెప్పలేదు."

"నీకు చెబితే నేనెందుకింక?"

"తలకాయ కోసమా?"

"తలకాయ కోసమే," అని ఒప్పుకుంది నూకాలు. ఒప్పుకున్నాక అది ఎంత చిన్న తలకాయో కనిపించి ఆమెకే నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది.

"ఆ లెక్క తరవాత చూద్దాం. పద! నక్కది కాలినడక, మనది ఈత. మనం ముందు చేరి బండ చుట్టూ కాపు కాస్తే నీటికాకులు దగ్గరికి రావు. నువ్వు ముందుండు."

"అదే ఇబ్బంది," అంది నూకాలు. ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. "నాకే దారి దొరకడం లేదే అమ్మీ. మూడుసార్లు వెళ్ళి మూడుసార్లూ బురద తిన్నాను."

"పాట గుర్తుందా?"

"నక్క దగ్గర మూడు రోజులు వల్లెవేశాను. గుర్తులేకేం!"

పిల్లల్ని కలుగులో వదిలి గుంపంతా కదిలింది. ఒంటిమోడు దగ్గరికి వచ్చేసరికి నూకాలు ఆగిపోయింది. కుడివైపు దూరంగా, ఒడ్డు వెంబడి నల్లటి పిట్టల బారు అప్పుడే కోన తిరుగుతోంది.

"చూశావా, వాడు కూడా కుడికే తిరిగాడు. అటు వెళ్తే బురద అని నాకు తెలుసు. పాటేమో కుడి అంటోంది. అమ్మ తప్పు చెప్పదు. నా బుర్రే ఎక్కడో తిరగబడింది."

"మొత్తం పాడు అత్తా. ఒక్కొక్క ముక్కా."

"నెత్తికి గూనికొండ..."

"ఉంది. ఎదురుగానే ఉంది. తరవాత?"

"కాళ్ళకు కవలకొండ. అది ఉత్తినే, పాట కుదరాలని..."

"ఉత్తినే అని మీ అమ్మ చెప్పిందా?"

"చెప్పలేదు. నేనే అనుకున్నాను."

"మరి నీ కాళ్ళకు కవలకొండ కనిపిస్తోందా ఇప్పుడు?"

"నా కాళ్ళు నాకెలా కనిపిస్తాయే, పిచ్చిమొహమా! బోర్లా ఈదుతూ ఉంటే కాళ్ళు వెనక..."

నూకాలు నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

తల్లి ఎప్పుడూ వెల్లకిలా ఈదేది. నీళ్ళ కింద మోడులూ చీకటీ తప్ప ఏమీ కనిపించవు, గుర్తులన్నీ పైన కొండల్లో ఉన్నాయి, కాబట్టి కొండల్ని చూస్తూ వెళ్ళాలనేది. పక్కన తను కూడా చిన్ని పొట్ట ఆకాశానికి పెట్టి ఈదుతూ, రెండు పాదాల మధ్య కవలకొండలు ఇరుక్కునేలా చూసుకుంటూ ఆ పాట నేర్చుకుంది. మొన్నమొన్నటిదాకా అలాగే వెళ్ళింది. నడుము పట్టేశాక వెల్లకిలా ఈదడం మానేసింది. మానేసిన సంగతి మరిచిపోయింది. బోర్లా ఉన్నప్పుడు కుడిచెయ్యి ఏ వైపు ఉంటుందో, వెల్లకిలా తిరిగితే ఆ వైపు ఎడంచెయ్యి వస్తుంది. ఇది పసిపిల్లలకు కూడా తెలుసు.

"తవిటీ, దారి మరిచిపోలేదే నేను!" అని అరిచింది. "పడుకోవడం మరిచిపోయాను!"

ఆ కంగారులో కోడలి పేరు సరిగ్గా పిలిచినట్టు ఇద్దరిలో ఎవరూ గమనించలేదు.

నూకాలు వెల్లకిలా తిరిగింది. నడుము టప్పున మోగింది. అమ్మో అంది. అయినా తిరిగింది. పాదాల మధ్య కవలకొండలు వచ్చి కూర్చున్నాయి. కుడిచెయ్యి చాపింది. అది బురదకోనకు సరిగ్గా అవతలివైపు చూపించింది.

"అటు!"

కొంతదూరం వెళ్ళాక బండ వచ్చింది. మెడ, జూలు, వీపు, అన్నీ ఉన్నాయి. గుర్రం గుర్రంలాగే ఉంది. దాని దగ్గర ఎడంచెయ్యి, అక్కణ్ణుంచి మూడో కోన. "ఇక్కడే మునక," అని నూకాలు ఊపిరి బిగబట్టి దిగింది.

మొదట ఉడుకునీళ్ళు. తరవాత గోరువెచ్చన. ఆ తరవాత మోడుల తలలు ఒక్కొక్కటీ పచ్చటి మసకలోంచి పైకొచ్చాయి. అప్పుడు మూతికి ఒక్కసారిగా చల్లటి ఊట తగిలింది. పలక అంచున బొచ్చెలు పెద్దపెద్ద తలకాయలు ఊపుతూ వరస కట్టాయి. వాటి కింద శీలావతులు, ఇంకా కింద రాతి పగుళ్ళలో జెల్లలు. మోడు చాటునుంచి ఒక ముసలి వాలుగ నూకాలు వైపు చూసి, 'మళ్ళీ వచ్చావా' అన్నట్టు పక్కకు తప్పుకుంది.

కావలసినంతే తిన్నారు. ఇద్దర్ని కాపు ఉంచి, పిల్లలకు చేపలు నోట కరుచుకుని మిగతావాళ్ళు తిరుగుదారి పట్టారు. ఒంటిమోడు దాటుతుంటే బురదకోన వైపునుంచి గోల వినిపించింది. చూడకుండా పోవడానికి ఎవరికీ మనసొప్పలేదు.

కోనలో యాభై నీటికాకులు మోడుల మీద కూర్చున్నాయి. నల్లటి పిట్టలన్నీ బురద పూసుకుని ఎర్రబడ్డాయి. మధ్యలో, ఒండ్రులో మెడదాకా దిగబడి సన్యాసిరావు ఉన్నాడు. తల ఒక్కటే పైకుంది.

"'సరిగ్గా వెతకలేదు మీరు, చోటు నేను చూపిస్తాను' అన్నావు. చూపించు!" అంటున్నాడు నీటికాకుల పెద్ద గవరయ్య. "ఇంకా కిందికి దిగు. చేపలు నీ కాళ్ళ కింద ఉన్నాయేమో!"

"గవరయ్య బాబూ, తోక పట్టుకుని లాగండయ్యా!"

"తోక కనిపిస్తేగా లాగడానికి!"

సన్యాసిరావు నూకాలును చూశాడు. అతని కళ్ళు మొదటిసారి పూర్తిగా తెరుచుకున్నాయి.

"మామ్మా! నమ్మినవాణ్ణి ఇంత మోసం చేస్తావా? మతి లేనట్టు నటించి, బురద ముఖానికి పూసుకుని, దొంగపాట నేర్పిస్తావా?"

గుంపంతా నూకాలు వైపు తిరిగింది. "ఓలమ్మ! పెద్దమ్మ కావాలనే చెప్పిందా?" అన్నారొకరు. "అదేటి మరి! నక్కనే బోల్తా కొట్టించింది!" అన్నారు ఇంకొకరు. నీటికాకులు కూడా మెడలు చాచి ఆమెను గౌరవంగా చూశాయి.

ఎంత బాగుందో ఆ చూపు! తొమ్మిదేళ్ళు కొరికిన తలకాయలన్నీ కలిపినా అంత రుచి లేదు. నూకాలు మూడు ఊపిర్లు తీసేంతసేపు దాన్ని అనుభవించింది. ఆ తరవాత మనసు ఊరుకోలేదు.

"ఒరే సన్యాసీ, మోసం చేసేంత తెలివే ఉంటే నీకెందుకు చెబుతానురా? నేను చెప్పింది నిజం పాటే. కాకపోతే నువ్వు వెల్ల..."

తవిటమ్మ అత్త నెత్తి మీద చెయ్యి వేసి ఒక్క ముంచు ముంచింది.

నూకాలు బుడగలు వదులుతూ పైకి తేలింది. "ఏటే! నిజం చెప్పబోతుంటే..."

"ఇప్పుడే కదా అత్తా ఒకసారి చెప్పావు. మళ్ళీ చెబుతావా?" అంది తవిటమ్మ చెవిలో.

నూకాలు నోరు మూసుకుంది. ఎక్కడ ఏది చెప్పకూడదో కూడా ఇకనుంచి కోడలినే అడగాలని అప్పుడే తీర్మానించుకుంది.

పొద్దు వాలేలోగా సన్యాసిరావు ఎలాగో ఒడ్డున పడ్డాడు. గవరయ్య కుటుంబం అతన్ని కొండమలుపు దాకా ముక్కులతో పొడుస్తూ సాగనంపింది. ఆ వారమంతా నూకాలు గుంపులోని ప్రతి నీటికుక్కనూ వెల్లకిలా వేసి పాట నేర్పింది. తనకు మధ్యలో ముక్క జారిపోతే అయిదుగురు పిల్లలూ ఒక్కసారిగా అందించేవారు. సన్యాసిరావు దూరంగా పొదలోంచి అదంతా విన్నాడు. అదే పాట, ఒక్క అక్షరం మారలేదు. ఆ పాట మళ్ళీ చెవిన పడితే చాలు, రెండు చెవులూ పంజాలతో గట్టిగా మూసుకునేవాడు. కనిపించినవాళ్ళకల్లా చెప్పుకునేవాడు: "ఆ ముసల్దాన్ని నమ్మకండి. ఇప్పుడు ఇంటిల్లిపాదికీ ఆ అబద్ధమే నేర్పిస్తోంది."

నీతి: మరిచిపోతామని భయపడేవాళ్ళు తమకు తెలిసింది ముందు ఇంట్లోవాళ్ళకు చెప్పాలి, జాలి చూపించినవాడికి కాదు.